విశాఖకి కొత్త సైరన్లు కావాలా, ఉన్నవి మోగితే చాలా?

కోస్తాగాలి (చర్చ మొదలు)
2025 మే 7న దేశమంతా మాక్ డ్రిల్ పెట్టారు గుర్తుందా, ఆ లిస్టులో మన విశాఖ కూడా ఉంది. ఆ సాయంత్రం నేను అక్కయ్యపాలెంలో మా మేడ మీద బట్టలు తీస్తున్నా. సైరన్ మోగిందన్న సంగతి వాట్సాప్‌లో వీడియోలు వచ్చాక తెలిసింది. కింద వంటింట్లో మా ఆవిడకి వినబడింది కుక్కర్ విజిల్ ఒక్కటే. అప్పట్నించీ ఈ ప్రశ్న నా బుర్రలో తిరుగుతోంది. ఊరంతా వినబడేలా, కూతతో పాటు మాట కూడా చెప్పే కొత్త ఎలక్ట్రానిక్ సైరన్లు స్తంభాల మీద పెట్టాలా, లేకపోతే ఫోన్‌కి వచ్చే అలర్టు సరిపోద్దా? తుఫాను, సునామీ, గ్యాస్ లీకు, యుద్ధం, మన ఊరికి నాలుగూ ఉన్నాయి కాబట్టి అడుగుతున్నా. తిట్టుకోకుండా మాట్లాడండి దయచేసి.

బీచ్‌రోడ్ బాబ్జీ
చివరి లైను రాయకుండా ఉండాల్సింది గురూ. ఇంక తిట్టుకోడం ఖాయం.

రిటైర్డ్ షిఫ్ట్
ముప్పై ఏళ్ళకి పైగా కెమికల్ ప్లాంట్లలో షిఫ్టులు చేసినవాణ్ణి, కాబట్టి లెక్కతో చెప్తాను. పాత సైరన్ అంటే ఏమీ లేదు, ఒక మోటారు, దాని మీద కంతలున్న చక్రం, అది తిరుగుతూ గాలిని తెంపి తెంపి వదులుతుంది, అదే కూత. కరెంటు పోతే కూతా పోయింది. కొత్తవాటిల్లో బ్యాటరీలు, యాంప్లిఫయర్లు, కొమ్ముల్లాంటి స్పీకర్లు ఉంటాయి, రికార్డు చేసిన మాట కూడా వస్తుంది. బాగానే ఉంది. కానీ 30 మీటర్ల దగ్గర 120 డెసిబెల్స్ ఇచ్చే సైరన్ తీసుకోండి. ఆరుబయలు అయితే దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతుంది, మేడలున్న ఊళ్ళో 10 తగ్గుతుందని లెక్క వేసుకుంటారు. అంటే కిలోమీటరు దగ్గరికి వచ్చేసరికి 70. కిటికీలు మూసుకుని ఏసీ వేసుకున్నారా, ఇంకో పాతిక పోయింది. మిగిలిన 45కీ మీ ఏసీ చప్పుడుకీ పెద్ద తేడా లేదు. కోట్లు పోసి స్తంభాలు పాతితే పడుకున్నవాడు లేవడు, లేచి ఉన్నవాడికి ఎలాగూ ఫోన్ చేతిలోనే ఉంటుంది. నా ఓటు ఫోన్ అలర్టుకే.

గాజువాక శీను
మాస్టారూ ఏసీ లెక్క ఏసీ ఉన్నోళ్ళకి. మా వీధిలో వేసంకాలం కిటికీలు బార్లా తీసి పడుకుంటాం, సగం మంది అరుగు మీద మడతమంచం వేసుకుని పడుకుంటారు. మాకు పాతిక పోదు.

ఇంకోటి. మాక్ డ్రిల్ తేదీ చూసారా ఎవరైనా? మే 7. సరిగ్గా అయిదేళ్ళ కింద అదే తేదీ, 2020 మే 7 తెల్లారగట్ల, ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరీన్ గ్యాస్ లీకయ్యి ఆర్ ఆర్ వెంకటాపురంలో జనం పరిగెట్టి పరిగెట్టి రోడ్ల మీద పడిపోయారు. 12 మంది పోయారు. తర్వాత ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఏటి రాసిందో చదవండి, ఆ ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉందంట. 36. ఒక్కటీ నొక్కలేదు. మీరు డెసిబెల్స్ లెక్కపెడతన్నారు, నేను బటన్లు లెక్కపెడతన్నాను.

కిరణ్ మధురవాడ
రిటైర్డ్ గారితో నేను వంద శాతం ఏకీభవిస్తున్నా. 2023లో ఫోన్లన్నీ ఒక్కసారి గీ... మని మోగాయి గుర్తుందా, అదే సెల్ బ్రాడ్‌కాస్ట్. ఎవరి నంబరూ అక్కర్లేదు, ఆ టవర్ కింద ఉన్న అన్ని ఫోన్లకీ ఒకేసారి వెళ్ళిపోద్ది, ఎస్సెమ్మెస్‌లాగా క్యూలో ఆగదు. నాది సైలెంట్‌లో ఉంది, అయినా మోగింది, మీటింగ్‌లో అందరం ఉలిక్కిపడ్డాం. తెలుగులో కూడా వచ్చింది. ఇంత ఉండగా 2025లో ఇంకా రెండో ప్రపంచయుద్ధం నాటి సైరన్లేంటండీ.

జాలరిపేట రాజు
రెండో ప్రపంచయుద్ధం అన్నారు కాబట్టి, 1942 ఏప్రిల్ 6న ఈ ఊరి మీద జపానోళ్ళు బాంబులేసారు అన్నా. మా తాతకి వాళ్ళ నాన్న చెప్పిన కథ. 71 యుద్ధంలో పాకిస్తానోళ్ళ సబ్‌మెరైన్ ఘాజీ మునిగినప్పుడు కిటికీలకి నల్ల కాయితాలు అంటించిన సంగతి మా నాయనమ్మ ఇప్పటికీ చెప్తాది.

ఫోన్ సంగతి. హుద్‌హుద్ రోజు మీరు ఊళ్ళో ఉన్నారా కిరణన్నా? 2014 అక్టోబర్ 12. పొద్దున గాలి మొదలయ్యాక ఒక్కో టవరూ పోయింది. మధ్యాన్నానికి నా ఫోన్ టార్చిలైటుకి తప్ప ఎందుకూ పనికిరాలేదు. కరెంటు రోజుల తరబడి లేదు, చార్జింగ్ కోసం జనరేటరు ఉన్నోడి ఇంటి ముందు క్యూ కట్టాం. అలర్టు ఎందులోకి వస్తాది?

కిరణ్ మధురవాడ
హుద్‌హుద్ వస్తోందని నాలుగు రోజుల ముందే అందరికీ తెలుసు కదా, టీవీలో అదే చెప్తున్నారు. దానికి సైరన్ ఎందుకు? గాలి మధ్యలో సైరన్ మోగినా వినబడేదా అసలు?

జాలరిపేట రాజు
తుఫాను వస్తాదని తెలుసు. పోర్టులో పదో నంబరు ఎగరేసారంటే మాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. కానీ నీళ్ళు ఎప్పుడు లోపలికొస్తాయో, ఎప్పుడు ఇల్లు ఒగ్గీసి పోవాలో ఆ గంట ముందు ఎవరు చెప్తారు? 2004 డిసెంబర్ 26 ఆదివారం పొద్దున సునామీకి నాలుగు రోజుల ముందు టీవీలో చెప్పారా? ఇప్పుడు హైదరాబాదులో సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ ఉంది, సముద్రం కింద భూమి కదిలితే నిమిషాల్లో లెక్క కట్టేస్తాది, చాలా గొప్ప. అక్కణ్ణించి మా వలల దగ్గరికి ఆ మాట రావాలి కదన్నా. వల వేసేటప్పుడు ఫోన్ కవర్‌లో చుట్టి గోనె కింద పెడతాం, తడిసిపోద్దని. ఒడిశాలో ఒడ్డు పొడుగునా 122 చోట్ల సైరన్ టవర్లు పెట్టారు, 2018 నించీ ఉన్నాయి. మేం ఇచ్ఛాపురం దాటి వేటకెళ్తే చూస్తుంటాం.

రిటైర్డ్ షిఫ్ట్
రాజు గారూ, నీటి మీద శబ్దం దూరం పోతుంది, అందుకే తీరానికి సైరన్ పనికొస్తుంది, ఒప్పుకుంటాను. అక్కడ 6 డెసిబెల్స్ లెక్క వేసుకోవచ్చు. నేను మాట్లాడేది ఊరు లోపల గురించి, అక్కడ 10.

బెజవాడ బుల్లోడు
మాది మీ ఊరు కాదు కానీ ఒక మాట. 2024 సెప్టెంబర్ 1 బుడమేరు వరద. మా పెద్దమ్మ వాళ్ళు సింగ్ నగర్. వాగుకి గండ్లు పడ్డాయన్న సంగతి వాళ్ళకి మంచం కోళ్ళు తడిసాక తెలిసింది. కరెంటు లేదు, సిగ్నల్ రావట్లేదు, పెద్దమ్మ వంటింటి గట్టు మీద బియ్యం డబ్బా ఎక్కించి దాని పక్కన తను ఎక్కి కూర్చుంది. ముందు రోజు రాత్రి ఒక్క కూత వినబడి ఉంటే కనీసం మేడ మీదికి గ్యాస్ బండ అయినా ఎక్కించుకునేవాళ్ళు. గోదావరికి ఒకటో హెచ్చరిక రెండో హెచ్చరిక అని ఉంటాయి, భద్రాచలంలో 43 అడుగులు దాటితే ఒకటి, 48కి రెండు, 53కి మూడు, పిల్లోణ్ణి అడిగినా చెప్తాడు. బుడమేరుకి అలాంటిదేమీ మేం ఎరగం. కాబట్టి సైరన్ కావాలి. అంతే.

కిరణ్ మధురవాడ
సైరన్ మోగితే మీ పెద్దమ్మ గారికి అది వరద అని ఎలా తెలుస్తుంది? యుద్ధం అనుకుని మంచం కింద దూరితే?

బెజవాడ బుల్లోడు
బెజవాడలో వాన కుమ్మేస్తుంటే యుద్ధం అనుకోడానికి మా పెద్దమ్మ వెర్రిదేం కాదు బ్రో.

డాలస్ వదిన
సీతమ్మధారలో పుట్టి ఇప్పుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నా, చాలా రోజుల తర్వాత ఇటొచ్చా. మాకిక్కడ సైరన్లు రోజువారీ సంగతి. డాలస్‌లో నెలనెలా మొదటి బుధవారం మధ్యాహ్నం 12కి టెస్టు కూత వేస్తారు, కొత్తగా దేశం నించి వచ్చిన అత్తగార్లు మొదటిసారి హడలిపోతారు, మా అత్తగారైతే దేవుడి దగ్గర దీపం పెట్టేసారు. టోర్నడోకే కాదు, పెద్ద వడగళ్ళు పడుతున్నా, గాలి గంటకి 70 మైళ్ళు దాటినా మోగిస్తారు. కిరణ్ గారికి ఒక పాయింటు ఇస్తాను, ఇవి బయట ఉన్నవాళ్ళ కోసమే, ఇంట్లో ఉన్నవాళ్ళ కోసం కాదు అని ఇక్కడి సిటీలే చెప్తాయి. పార్కులో పిల్లలు, రోడ్డు మీద పనివాళ్ళు, వాళ్ళకి. లోపలున్నవాళ్ళు ఫోనూ రేడియో చూసుకోవాలి.

కొత్త టెక్నాలజీ అనగానే మురిసిపోకండి, దాంట్లోనూ తలనొప్పి ఉంది. 2017 ఏప్రిల్ 7 రాత్రి డాలస్‌లో ఎవడో రేడియో సిగ్నల్ పంపి ఊళ్ళో ఉన్న 156 సైరన్లూ మోగించేసాడు. పదకొండున్నర దాటాక మొదలై ఒంటిగంట దాటేదాకా మోగాయి. ఆకాశంలో మబ్బు లేదు. జనమంతా 911కి ఫోన్లు. ఆ రాత్రి నేను బాత్‌టబ్‌లో దుప్పటి కప్పుకుని కూర్చున్నా, మావారు హాల్లో గురక.

బీచ్‌రోడ్ బాబ్జీ
అన్నయ్య గురక ఎన్ని డెసిబెల్సో రిటైర్డ్ గారు చెప్పాలి.

రిటైర్డ్ షిఫ్ట్
హాస్యం బాగుంది. కానీ వదిన గారు చెప్పింది నా వాదనే. బయట ఉన్నవాళ్ళకే. పైగా తప్పుడు కూత ప్రమాదం ఒకటి. మన జనం సంగతి మీకు తెలుసు. సైరన్ మోగితే ఎటు వెళ్ళాలో తెలియక అందరూ బళ్ళు తీసి రోడ్డెక్కుతారు. గ్యాస్ అయితే గాలికి అడ్డంగా పోవాలి, సునామీ అయితే ఎత్తుకి పోవాలి, వైమానిక దాడి అయితే ఇంట్లోంచి కదలకూడదు. ఒకే కూతకి మూడు అర్థాలు పెడితే జరిగేది తొక్కిసలాట. పానిక్ వల్ల పోయే ప్రాణాలు గ్యాస్ వల్ల పోయేవాటికన్నా తక్కువేం కాదు.

గాజువాక శీను
అందుకే కదా మాట చెప్పే సైరన్ అంటన్నారు, "గ్యాస్, తూర్పుకి పోండి" అని తెలుగులో చెప్తే పోమా. మీకు ఆ 10 డెసిబెల్సే కావాలి ఎంతసేపూ.

రిటైర్డ్ షిఫ్ట్
మాట అయితే ఇంకా ఘోరం. కూత కిలోమీటరు పోతే మాట అర్థమయ్యేది అందులో సగం కూడా ఉండదు. రెండు స్తంభాల నించి ఒకే మాట ముందూ వెనకా వస్తే గుళ్ళో మైకులా గుంయ్ గుంయ్ అంటుంది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా.

లా పాయింట్ లలిత
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ప్రమాదకర రసాయనాలకి 1989లో వచ్చిన రూల్స్ ఉన్నాయి. ఫ్యాక్టరీ లోపలి ఎమర్జెన్సీ ప్లాను ఫ్యాక్టరీ వాళ్ళ బాధ్యత, ఆరు నెలలకోసారి డ్రిల్లు చెయ్యాలి. ప్రహరీ బయటి ప్లాను జిల్లా యంత్రాంగానిది, ఏడాదికోసారైనా రిహార్సల్ జరగాలి. ఇవి కాకుండా 15వ రూలు అని ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ప్రమాదం జరిగితే దెబ్బతినే అవకాశం ఉన్న చుట్టుపక్కల జనానికి, ఏం ప్రమాదం రావచ్చు, వస్తే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, ముందే చెప్పి ఉంచాలి. శీను గారూ, మీ ఇంటికి ఎవరైనా వచ్చి చెప్పారా?

గాజువాక శీను
లేదమ్మా. కేలండర్ ఇస్తారు సంక్రాంతికి. దాని మీద వెంకటేశ్వరస్వామి ఉంటాడు.

మా ఇంటి వెనక ఒక ప్లాంటు, పేరు రాయను, మళ్ళీ గొడవ. ప్రతి సోమవారం పదింటికి టెస్టు కూత వేస్తాది. ఆ కూత విని మా అమ్మ పప్పు పొయ్యి మీద పెడతాది, అదీ దాని విలువ. మూడేళ్ళ కింద చలికాలం ఒక రాత్రి రెండింటికి ఘాటు వాసన, కళ్ళు మండిపోతన్నాయి, మా నాన్నకి ఆయాసం ఉంది, నీలం తిరిగిపోయాడు. కూత లేదు. తడిగుడ్డ ముక్కుకి కట్టి బండి మీద కూర్చోబెట్టి, పడిపోకుండా నా నడుముకీ ఆయన నడుముకీ కలిపి తువ్వాలు ముడేసి తీసుకెళ్ళాను. ఎటు వెళ్ళాలో తెలీదు, గాలి ఎటుందో తెలీదు, వాసన వచ్చిన వైపే పోయానని తర్వాత తెలిసింది. తెల్లారి గేటు కాడికెళ్ళి అడిగితే సెక్యూరిటీ అబ్బాయి "మాది కాదన్నా" అన్నాడు. పక్క ప్లాంటుకెళ్తే వాళ్ళూ "మాది కాదు" అన్నారు. మరి నా వీపు మీద దగ్గినోడు ఎవరోయ్? సోమవారం పదింటికి మళ్ళీ కూత మోగింది, టంచనుగా.

జాలరిపేట రాజు
అయ్యో అన్నా. నాన్నగారు బాగున్నారా ఇప్పుడు?

గాజువాక శీను
ఉన్నాడు. రాత్రి కిటికీ మూయనివ్వడు, తెరవనివ్వడు.

కిరణ్ మధురవాడ
శీను గారు, మీకు జరిగింది చాలా బాధాకరం. కానీ ప్రాక్టికల్‌గా కూడా ఆలోచించాలి కదండీ. ప్రతి వీధిలో ఎర్ర స్తంభం పెట్టి "గ్యాస్ వస్తే ఇటు పరిగెత్తండి" అని బోర్డు పెడితే ఈ ఊరికి ఎవడొస్తాడు? ఇప్పుడిప్పుడే కంపెనీలు వస్తున్నాయి, ఇమేజ్ అనేది ఒకటుంటుంది. మాలాంటివాళ్ళు లోన్లు పెట్టి కొనుక్కున్నాం. డేంజర్ జోన్ అని ముద్ర పడితే?

గాజువాక శీను
వచ్చింది. బయటికొచ్చింది. ఇందాకట్నించీ సెల్ బ్రాడ్‌కాస్టు, రెండో ప్రపంచయుద్ధం, ఏటేటో చెప్తన్నారు, అసలు సంగతి ఫ్లాటు రేటు. మీ చదరపు అడుగు రేటు పడిపోకుండా ఉండాలంటే మా వీధి నిశ్శబ్దంగా చావాలి, అంతేనా? మీ మధురవాడకి గాలి రావాలంటే కొండ దాటాలి, మాకు గోడ దాటితే చాలు.

కిరణ్ మధురవాడ
పర్సనల్‌గా వెళ్ళకండి. నేను ఆ మాట అనలేదు. మీరే ఊహించుకుని మీరే తిడుతున్నారు. డేంజర్ అని తెలిసీ ఫ్యాక్టరీ పక్కన ఇల్లు ఎవరు కట్టుకోమన్నారు?

గాజువాక శీను
మా తాత ఇల్లు కట్టినప్పుడు అక్కడ జీడిమామిడి తోట ఉండేది రా బాబూ!! ఫ్యాక్టరీ వచ్చి మా పక్కన కూర్చుంది!!

కోస్తాగాలి
ఆగండి ఇద్దరూ. కిరణ్ గారూ ఆ చివరి వాక్యం తీసెయ్యండి, శీనూ నువ్వు "రా" తీసెయ్. గంట వరకూ ఇద్దరూ రాయొద్దు. టీ తాగి రండి.

బీచ్‌రోడ్ బాబ్జీ
మొదటి పోస్టులోనే చెప్పాను. నా మాట ఎవడు వింటాడు, 45 డెసిబెల్సే కదా.

డాలస్ వదిన
ఈ గంటలో నేనొకటి రాస్తాను. రిటైర్డ్ గారు పానిక్ అన్నారు కదా, సరిగ్గా ఆ మాటే హవాయిలో అన్నారు. 2023 ఆగస్టులో లహైనా ఊరు తగలబడిపోయింది, దాదాపు వంద మంది పోయారు. మౌయి దీవిలో 80 దాకా సైరన్లు ఉన్నాయి, ఒక్కటీ మోగించలేదు. ఎందుకు మోగించలేదయ్యా అని ఎమర్జెన్సీ పెద్దని అడిగితే, మోగిస్తే జనం సునామీ అనుకుని కొండ వైపు పరిగెత్తేవాళ్ళు, మంట అటే ఉంది, అందుకని మోగించలేదు, దానికి నేనేం చింతించట్లేదు అన్నాడు. మర్నాడే రాజీనామా చేసాడు. ఫోన్లకి అలర్టు పంపారు, కానీ కరెంటూ టవర్లూ పోయి చాలామందికి చేరలేదు.

ఇంకోటి మొన్నమొన్నటిది. 2025 మే 16న సెయింట్ లూయిస్‌లో టోర్నడో. సైరన్లున్నాయి, మోగలేదు. మోగించాల్సిన ఆఫీసు వాళ్ళు ఆ టైముకి ఇంకోచోట వర్క్‌షాప్‌లో ఉన్నారు, ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి మోగించండి అన్నామంటారు, ఆ మాట వాళ్ళకి సరిగ్గా అర్థం కాలేదు. తర్వాత మేయర్ ఆ బటన్ తీసుకెళ్ళి ఫైర్ డిపార్ట్‌మెంట్ చేతిలోనే పెట్టింది. ఈ రెండిట్లో ఏదీ డెసిబెల్స్ సమస్య కాదు గురువుగారూ.

లా పాయింట్ లలిత
భోపాల్ కూడా. 1984 డిసెంబర్‌లో ఆ రాత్రి బయటికి వినబడే సైరన్ కాసేపు మోగించి ఆపేసారు, జనం కంగారు పడకూడదని. మళ్ళీ మోగించేసరికి గ్యాస్ బస్తీల్లో ఉంది. బియాస్ నదిలో 2014 జూన్ 8న మన హైదరాబాద్ ఇంజినీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు, పైన డ్యాం గేట్లు ఎత్తారు, ఒడ్డున ఫొటోలు దిగుతున్న పిల్లలకి ఎవరూ చెప్పలేదు.

రిటైర్డ్ షిఫ్ట్
అమ్మా, అవన్నీ నాకు తెలియనివి కావు. బయటినుంచి మాట్లాడడం తేలిక. సైరన్ నొక్కడం అంటే ఏమిటో లోపల ఉన్నవాడికి తెలుసు. నొక్కితే ప్లాంటు ఆగుతుంది, కలెక్టర్ ఆఫీసు నించి ఫోన్లు, పేపర్లు, మర్నాడు ఎంక్వయిరీ. అది తప్పుడు కూత అని తేలితే నొక్కినవాడి మెడకి చుట్టుకుంటుంది. నొక్కకపోతే, ఏమీ జరక్కపోతే, ఎవరూ అడగరు.

గాజువాక శీను
గంట అయింది, వచ్చాను. "రా" తీసేసాను.

మాస్టారూ ఇప్పుడు మీరు అన్నదే నేను మొదట్నించీ అడుగుతున్నది. స్తంభం 30 మీటర్లుందా 60 ఉందా నాకనవసరం. నొక్కడానికి ఎవరిని అడగాలి? షిఫ్టులో ఉన్న కుర్రాడు ఎవర్నీ అడక్కుండా నొక్కొచ్చా? నొక్కాక అబద్ధం అని తేలితే వాడి ఉద్యోగం ఉంటాదా? మా వీధిలో వార్డు సచివాలయంలోనో, గుళ్ళోనో, మసీదులోనో ఒక బటన్ మాకిస్తారా? మీ పానిక్ అనే మాటకి అర్థం ఏటంటే, మాకు చెప్తే మేం తట్టుకోలేం అని మీరు డిసైడ్ అయిపోయారు. మేం తట్టుకోలేమో లేదో మమ్మల్ని అడిగారా ఎప్పుడైనా?

కిరణ్ మధురవాడ
వీధికో బటన్ ఇస్తే రోజూ రాత్రి తాగుబోతులు నొక్కుతారు. సీరియస్‌గా చెప్తున్నా. మా అపార్ట్‌మెంట్‌లో ఫైర్ అలారం పిల్లలు నాలుగుసార్లు నొక్కారు, అయిదోసారి వాచ్‌మన్ వైరే పీకేసాడు. ఇప్పటికీ అలాగే ఉంది.

(ఇందాకటి వాక్యం తీసేసాను. సారీ శీను గారు. ఫ్లాటు సంగతి మాత్రం నిజమే, ఇరవై ఏళ్ళ లోను, భయం ఉంటుంది.)

జాలరిపేట రాజు
వైరు ఇంకా పీకేసే ఉందా కిరణన్నా? ముందు అది పెట్టించండి.

రిటైర్డ్ షిఫ్ట్
రెండు రోజులుగా రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

నేను షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా ఉన్నప్పటి సంగతి, ఏ ప్లాంటో ఏ ఊరో అడగొద్దు. రాత్రి షిఫ్టు. అమ్మోనియా లైనులో ఫ్లాంజ్ దగ్గర, అంటే పైపుల అతుకు దగ్గర, లీకు. కుర్రాళ్ళు తడి గోనెలు పట్టుకుని నీళ్ళు కొడుతున్నారు, కళ్ళల్లోంచి నీరు కారిపోతోంది. అద్దం పగలగొట్టి నొక్కే ఎర్ర డబ్బా నా మోచేతి పక్కనే ఉంది. దాని పక్కన చిన్న సుత్తి గొలుసుకి వేలాడుతూ ఉంటుంది, ఆ సుత్తి చేత్తో పట్టుకున్నాను కూడా. పట్టుకుని, మా మేనేజర్ ఇంటికి ఫోన్ చేసాను. ల్యాండ్‌లైను. మోగుతోంది, ఎత్తట్లేదు. పెట్టేసి మళ్ళీ చేసాను. ఒక చేతిలో రిసీవరు, ఒక చేతిలో సుత్తి. ఆయన ఎత్తేసరికి ఏడు నిమిషాలు అయింది, లాగ్ బుక్కులో రాయాలి కాబట్టి టైము చూసుకున్నాను. ఎత్తి "కంట్రోల్ అయిందా" అన్నారు. అప్పటికి కుర్రాళ్ళు వాల్వ్ కట్టేసారు. "అయింది సార్" అన్నాను. "మరి సైరన్ ఎందుకు, పడుకో" అన్నారు. లాగ్ బుక్కులో మైనర్ లీక్ అని రాసాను. సుత్తి తగిలించేసాను.

పానిక్ అని నేను ఇందాక ఊరికే అనలేదు. ఆ మాట నాకు నేను చాలా ఏళ్ళుగా చెప్పుకుంటున్నది.

బీచ్‌రోడ్ బాబ్జీ
దీనికి నా దగ్గర జోకు లేదు మాస్టారూ.

లా పాయింట్ లలిత
రాసినందుకు నమస్కారం సార్. మీకు ఎవర్నీ అడక్కుండా నొక్కే అధికారం కాగితం మీద ఉందా అప్పుడు?

రిటైర్డ్ షిఫ్ట్
ఉందమ్మా. కంట్రోల్ రూము గోడ మీద ఫ్రేము కట్టించి పెట్టారు. "ప్రమాదం గమనించిన ఎవరైనా" అని మొదలవుతుంది.

గాజువాక శీను
ప్లాంటు పేరు అడగను మాస్టారూ. ఒక్కటి చెప్పండి. ఆ రాత్రి గాలి ఎటుంది?

రిటైర్డ్ షిఫ్ట్
రాత్రి కదా బాబూ, నేల మీంచి సముద్రం వైపు. మా అదృష్టం.

గాజువాక శీను
మీది కాదు. గోడ అవతల పడుకున్నోళ్ళది.

వుడా కాలనీ మురళి
థ్రెడ్ మొత్తం చదివే ఓపిక లేదు, సైరన్లు పెడుతున్నారని అర్థమైంది. స్తంభం వీధి మొదట్లో వేస్తారా, మధ్యలో వేస్తారా? మా ఇంటి ముందు కారు పెట్టుకునే జాగా ఒక్కటే ఉంది.